పాత చేతులు... కొత్త పాట

ఇరవై ముప్పై ఏళ్లు తలా ఒక బ్యాండ్‌లో వాయించినవాళ్లు నడివయసులో ఒక్కచోట చేరి కొత్త రాక్ బ్యాండ్ కడుతున్నారు. డబ్బుకు గ్యారంటీ లేదు. పేరొస్తుందన్న భరోసా లేదు. మరి ఎందుకు? ముంబయి, కోల్‌కతా, కేరళ, షిల్లాంగ్ బ్యాండ్ల కథల్లో జవాబుంది. తెలుగు నగరాలు అందుకోవాల్సిన సంగతీ వాటిలోనే ఉంది.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూమ్. గోడలకు నల్లటి ఫోమ్, నేలమీద మాసిన కార్పెట్, మూలన డ్రమ్ కిట్. అందరికంటే ముందు బేస్ గిటారిస్టు వస్తాడు, భుజాన గిటార్ సంచి, చేతిలో ఇడ్లీ పొట్లం. డ్రమ్మర్ వచ్చీరాగానే చిన్న కీతో స్నేర్ బిగించి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టి వింటాడు. లీడ్ గిటారిస్టు పెడల్స్ పరిచి ప్లగ్గు పెట్టగానే గరగరమని శబ్దం. కేబుల్ తీసి, జాక్‌ను చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ గుచ్చుతాడు. పాడేవాడు కాగితం విప్పుతాడు. అక్షరాలు ఆనవు. కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటాడు.

వీళ్లలో ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు సాఫ్ట్‌వేర్ మేనేజర్, ఒకరు పిల్లలకు గిటార్ నేర్పే మాస్టారు. కాలేజీ రోజుల్లో వేర్వేరు బ్యాండ్లలో, ఒకే పోటీలో ఎదురెదురుగా నిలబడినవాళ్లు. డ్రమ్మర్ స్టిక్స్ నాలుగుసార్లు కొడతాడు. పాట మొదలవుతుంది. రెండో చరణం దగ్గర గిటారిస్టు చెయ్యెత్తి ఆపి అంటాడు: ‘‘ఇక్కడ నేను వాయించకుండా ఉంటేనే పాట బాగుంటది.’’

ఇరవై ఏళ్ల వయసులో ఏ గిటారిస్టూ అనని మాట అది. హైదరాబాద్, బెంగళూరు, ముంబయి... ఏ ఊళ్లో ఇలాంటి గది తలుపు తోసినా ఇంచుమించు ఇదే దృశ్యం. పేర్లు మారతాయి, ఉద్యోగాలు మారతాయి. ఖాళీ వదలడం తెలిసిన చేతులు మాత్రం అవే.

స్టేడియం నిండింది, మనవాళ్లెక్కడ?

దేశంలో ఇప్పుడు ఎక్కడ చూసినా కచేరీల ముచ్చటే. 2025 జనవరిలో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే రెండు రోజులు వాయిస్తే, రోజుకు లక్ష మందికి పైగా వచ్చారు. ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్‌సిటీలో పాడాడు. వారం తర్వాత బెంగళూరు వేదికపై శిల్పారావుతో కలిసి ‘దేవర’లోని ‘చుట్టమల్లే’ అందుకున్నాడు. ఇంగ్లిష్ గాయకుడి నోట తెలుగు పాట విని మనవాళ్లు మురిసిపోయారు. మురియాల్సిందే.

వేలు పోసి టికెట్ కొనడానికి మనం సిద్ధమేనని తేలిపోయింది. మరి మన వీధిలోనే ఉంటూ, మన భాషలోనే సొంతంగా పాటలు కట్టుకునే వాళ్ల కోసం ఒక సాయంత్రం ఇస్తున్నామా? పాతకాపులు కొత్త బ్యాండ్ కట్టారన్న కబురు విన్నప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది. మన దేశంలో రాక్ నడిచొచ్చిన దారి తెలిస్తే దాని బరువు అర్థమవుతుంది.

ముంబయి: పదమూడేళ్ల విరామం

1970, 71 సంవత్సరాల్లో ‘సిమ్లా బీట్’ పేరిట అఖిల భారత పోటీ జరిగింది. కాలేజీ కుర్రాళ్ల బ్యాండ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి వాయించాయి. వాటి రికార్డులు కూడా వచ్చాయి. అప్పట్లో విదేశీ గిటార్ కొనడం సామాన్యుడికి అందని పని. కోల్‌కతాలో తయారైన గివ్‌సన్ గిటారే దిక్కు. వాయించేది ఎక్కువగా పరాయి పాటలు. సంగీతకారుల భాషలో చెప్పాలంటే ‘కవర్లు’.

ఆ అలవాటును గట్టిగా కదిపిన బ్యాండ్లలో ముంబయికి చెందిన ‘రాక్ మెషీన్’ ముఖ్యమైనది. 1984లో పుట్టింది. 1988లో సొంత పాటలతో ‘రాక్ అన్ రోల్ రెనగేడ్’ ఆల్బమ్ తెచ్చింది. 1993లో ‘ఇండస్ క్రీడ్’గా పేరు మార్చుకుంది. అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న మ్యూజిక్ చానళ్లలో వీళ్ల వీడియోలు మారుమోగాయి. 1997లో బ్యాండ్ విడిపోయింది. గాయకుడు ఉదయ్ బెనెగల్ న్యూయార్క్ వెళ్లి, పాత సహచరుడు జయేష్ గాంధీతో ‘ఆమ్స్ ఫర్ శాంతి’ నడిపాడు.

2010లో ఉదయ్, గిటారిస్టు మహేష్ తినాయ్‌కర్, కీబోర్డు వాయించే జుబిన్ బాలాపోరియా మళ్లీ ఒక్కటయ్యారు. అంతకుముందే ఉదయ్, మహేష్ ఇద్దరూ ‘వర్లింగ్ కలాపాస్’ పేరుతో రెండు గిటార్లతో చిన్న వేదికలపై పాడుతున్నారు. పెద్ద బ్యాండ్ ఆ చిన్న జంట నుంచే మళ్లీ చిగురించింది. బేస్‌కు రుషద్ మిస్త్రీ, డ్రమ్స్‌కు జై రో కవి వచ్చారు. ఇద్దరూ తర్వాతి తరంవాళ్లు. పాత హిట్లు మళ్లీ వాయించి చప్పట్లు కొట్టించుకోవడం తేలికే. వీళ్లు అంతటితో ఆగలేదు. 2012లో పూర్తిగా కొత్త పాటలతో ‘ఇవాల్వ్’ విడుదల చేశారు.

తిరిగి కలవడం వేరు, తిరిగి సృష్టించడం వేరు. మొదటిదానికి జ్ఞాపకాలు చాలు. రెండోదానికి ధైర్యం కావాలి. పాతకాపుల బ్యాండ్‌ను కొలవాల్సింది ఈ రెండోదానితోనే.

కోల్‌కతా: ఇరవై ఏళ్ల తర్వాత దొరికిన శ్రోత

1975లో కోల్‌కతాలో గౌతమ్ చటోపాధ్యాయ్ తన సోదరులు, మిత్రులతో కలిసి ‘మొహీనేర్ ఘోడాగులి’ అనే బ్యాండ్ కట్టాడు. బావుల్ జానపదాన్నీ గిటార్‌నూ కలిపి బెంగాలీలో నగర జీవితం గురించి పాడారు. 1977లో మొదటి రికార్డు వచ్చింది. అప్పటి శ్రోతకు ఆ పాట కొరుకుడుపడలేదు. మూడు రికార్డుల తర్వాత, 1981 నాటికి సభ్యులు ఉద్యోగాల కోసం తలోదారీ పట్టారు. రంజన్ ఘోషాల్ బెంగళూరు చేరాడు. గౌతమ్ సినిమా తీసి జాతీయ పురస్కారం అందుకున్నాడు.

ఆ పాటలు మాత్రం కాలేజీ క్యాంటీన్లలో గొంతు నుంచి గొంతుకు బతికాయి. 1995లో గౌతమ్ మళ్లీ వచ్చాడు. ఈసారి తన పాట తానే పాడుకోవడానికి కాదు. కొత్త తరం గాయకులను, బ్యాండ్లను పోగుచేసి, వాళ్లతో పాడించి ‘ఆబార్ బొచ్ఛొర్ కుడి పొరే’ ఆల్బమ్ తెచ్చాడు. మళ్లీ ఇరవై ఏళ్లకు అన్నది ఆ పేరు. 1999లో ఆయన కన్నుమూసేలోపు అదే వరసలో మరో మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. బెంగాలీ బ్యాండ్ల తరానికి అవి ఊపిరి పోశాయి. 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ హిందీ సినిమాలో మనమంతా పాడుకున్న ‘భీగీ భీగీ’ బాణీకి మూలం, ఆ తొలి ఆల్బమ్‌లోని ‘పృథిబీ’ పాటే.

వెనక్కి వచ్చిన పెద్దవాడు వేదిక మధ్యలో తానే నిలబడాలని పట్టుబట్టలేదు. పక్కకు జరిగి పిల్లలకు మైకిచ్చాడు. నలభై దాటినవాళ్లు కట్టే బ్యాండ్ ఊరికి ఇవ్వగలిగిన పెద్ద కానుక ఇదే.

---

▣ గ్యారేజీలో పుట్టిన బ్యాండ్

1988 వసంతం, అమెరికాలోని మాలిబు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌కు తన సింగిల్ రెండో వైపు కోసం ఒక పాట అర్జెంటుగా కావాలి. జెఫ్ లిన్, రాయ్ ఆర్బిసన్ తోడు వస్తామన్నారు. హారిసన్ గిటార్ టామ్ పెట్టీ ఇంట్లో ఉంది. తీసుకోవడానికి వెళితే పెట్టీ కూడా బయల్దేరాడు. స్టూడియో కావాలంటే బాబ్ డిలన్ గ్యారేజీ తెరిచాడు. అక్కడ పడి ఉన్న అట్టపెట్టె మీది ‘హ్యాండిల్ విత్ కేర్’ అనే అక్షరాలే పాట పల్లవి అయ్యాయి. ఆ పాట రెండో వైపు వేయడానికి మరీ బాగుందని అందరికీ అనిపించింది. దాంతో ‘ట్రావెలింగ్ విల్బరీస్’ బ్యాండ్ పుట్టింది. అయిదుగురూ సొంత పేర్లు పక్కనపెట్టి విల్బరీ సోదరులుగా మారుపేర్లు పెట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది. డిసెంబరు 6న ఆర్బిసన్ చనిపోయాడు. తర్వాతి వీడియోలో ఆయన వంతు వచ్చినప్పుడు ఊగే కుర్చీలో ఆయన గిటార్‌ను ఉంచారు.

---

కేరళ, షిల్లాంగ్: పాత బ్యాండ్ల అనుభవం

రాక్ అంటే ఇంగ్లిష్‌లోనే పాడాలన్న ఆలోచన దక్షిణాదిన చాలాకాలం నడిచింది. దాన్ని బద్దలుకొట్టిన వాటిలో 2003లో కేరళలో పుట్టిన ‘అవియల్’ ఒకటి. గిటారిస్టు రెక్స్ విజయన్ అప్పటికే కొచ్చి బ్యాండ్ ‘మదర్‌జేన్’లో వాయించి వచ్చాడు. టోనీ జాన్ డీజే టర్న్‌టేబుల్ మీద చెయ్యి తిరిగినవాడు. బేస్ గిటారిస్టు నరేష్ కామత్, కైలాష్ ఖేర్ బృందం ‘కైలాసా’లో సభ్యుడు. ఎవరి అనుభవం వాళ్లు మూటగట్టుకుని వచ్చి మలయాళంలో పాడారు. 2008లో బ్యాండ్ పేరుతోనే ఆల్బమ్ వచ్చింది. కావాలం నారాయణ పణిక్కర్ లాంటి కవుల మాటలు ఎలక్ట్రిక్ గిటార్ మీదికెక్కాయి. 2011లో ‘సాల్ట్ ఎన్ పెప్పర్’ సినిమా వీళ్ల పాటను తెచ్చుకుంది. రెక్స్ తర్వాత ‘మాయానది’, ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ సినిమాలకు సంగీతం చేశాడు. అక్కడ సినిమా బ్యాండ్‌ను మింగలేదు. బ్యాండ్ ధ్వనిని సినిమా తనలోకి తెచ్చుకుంది.

2013లో కొచ్చి నుంచే వచ్చిన ‘తైక్కుడం బ్రిడ్జ్’ది ఇంకో ముచ్చట. పదిహేను మందికి అటూ ఇటూగా ఉన్న ఆ బృందంలో వ్యవస్థాపకుడు గోవింద్ వసంత పక్కన ఆయన తండ్రి పీతాంబరన్ మేనన్ నిలబడి పాడాడు. కొడుకు కట్టిన రాక్ బ్యాండ్‌లో తండ్రి గాయకుడు! ఆ గోవిందే తర్వాత తమిళ ‘96’కూ, 2020లో దాని తెలుగు రూపం ‘జాను’కూ బాణీలు కట్టాడు. మన ఇళ్లలో మోగిన ఆ వయొలిన్ వెనక ఒక బ్యాండ్ చరిత్ర ఉందన్నమాట.

ఇక ఈశాన్యాన షిల్లాంగ్. ‘గ్రేట్ సొసైటీ’ లాంటి స్థానిక బ్యాండ్లలో ఏళ్ల తరబడి వాయించిన రూడీ వాలాంగ్, 2003లో తనకంటే చాలా చిన్నదైన గాయని టిప్రితి ఖర్బంగర్‌తో ‘సోల్‌మేట్’ ప్రారంభించాడు. 2007లో ఈ జంట బ్లూస్ సంగీతానికి పుట్టిల్లయిన అమెరికా మెంఫిస్ నగరానికి, అంతర్జాతీయ పోటీలో పాల్గొనడానికి వెళ్లింది. టిప్రితి లాంటి ఆడవాళ్లు మన బ్యాండ్లలో ఇంకా తక్కువ. రాత్రి రిహార్సళ్లు, ఆలస్యపు ప్రయాణాలు, ఇంటి పని... మగవాడికి ‘హాబీ’ అని వదిలేసే ఇల్లు, ఆడదానికి అదే సమయం ఇవ్వదు. రెండోసారి బ్యాండ్ కట్టే వీలు ఎందరికి దక్కుతోందని అడిగినప్పుడు ఈ లెక్క కూడా చూడాలి.

ఇప్పుడే ఎందుకు?

కారణాలు ఇంట్లోనే కనిపిస్తాయి. పిల్లలు కాలేజీకి వచ్చారు, ఇంటి అప్పు సగం తీరింది. ఆదివారం పొద్దున నాలుగు గంటలు తనవి అనుకునే వెసులుబాటు ఇప్పుడే దొరికింది. ఒకప్పుడు పాట రికార్డు చేయాలంటే స్టూడియో అద్దెకు నెల జీతం ఆవిరయ్యేది. ఇప్పుడు ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే పడగ్గదే స్టూడియో. బేసిస్టు పుణెలో ఉన్నా తన ట్రాక్ పంపేస్తాడు. పాట విడుదలకు ఆడియో కంపెనీ గడప తొక్కక్కర్లేదు.

వేదికల తీరూ మారింది. 2010లో పుణెలో మొదలైన ‘ఎన్‌హెచ్7 వీకెండర్’ లాంటి పండుగలు సొంత పాటలకు పెద్ద మైదానం ఇచ్చాయి. అంతకు ముందు ముంబయి కుర్రాళ్లకు ధోబీ తలావ్ దగ్గరి రంగ్ భవనే గుడి. 1986లో మొదలైన ‘ఇండిపెండెన్స్ రాక్’ ఆ వేదిక మీదే ఎదిగింది. చుట్టూ ఆసుపత్రి, కాలేజీలు ఉండటంతో ఆ ప్రాంతం నిశ్శబ్ద మండలమైంది, కచేరీలు ఆగిపోయాయి. రోగి నిద్ర ముఖ్యమే. అయితే ఆ వేదిక పోయాక సామాన్య విద్యార్థి తక్కువ టికెట్‌కు వెళ్లగలిగే మరో చోటును నగరం వెంటనే కట్టివ్వలేదు. రాక్ సంగీతం పబ్బుల్లోకి జరిగింది. పబ్బు యజమానికి బిల్లు ముఖ్యం. తెలిసిన పాటలు వాయిస్తేనే జనం కూర్చుంటారని అతడి లెక్క. అలా మళ్లీ కవర్లే రాజ్యమేలాయి.

కొత్తగా కలిసిన పాతకాపులకు పంతం పుట్టేది ఇక్కడే. పాతికేళ్లు పరాయివాళ్ల పాటలు వాయించి అలసిన చేతులు, ఇక సొంత మాట చెప్పాలనుకుంటాయి. అందుకోసమే వీళ్లు కలుస్తున్నారు.

---

▣ చెవులు జాగ్రత్త

● 85 డెసిబుల్స్ ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదన్నది నిపుణుల సూచన. ఆపైన ప్రతి 3 డెసిబుల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబుల్స్ దగ్గర అది 15 నిమిషాలే.

● ఏళ్ల తరబడి స్పీకర్ల ముందు నిలబడినవాళ్లకు చెవిలో ఆగని హోరు రావచ్చు. చాలామంది సీనియర్ వాయిద్యకారులు ఇయర్‌ప్లగ్‌లు లేనిదే రిహార్సల్‌కు దిగరు.

● 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రాలకు ఉంది.

---

మురిపెం వెనక ఖర్చు

ఒక రాత్రి కచేరీకి వచ్చిన పైకంలో జామ్ రూమ్ అద్దె, కొత్త తీగలు, డ్రమ్ కిట్ మోసే బండి కిరాయి పోగా మిగిలింది అయిదుగురు పంచుకోవాలి. సౌండ్ చెక్‌కు సాయంత్రం నాలుగింటికి రమ్మంటారు, వేదిక ఎక్కేసరికి పది కొట్టేస్తుంది. మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసు. నడుం నొప్పి, మణికట్టు వాపు. ఇరవైల్లో తెలియని బరువులన్నీ ఇప్పుడు తెలుస్తాయి.

మనసుల బరువు కూడా ఉంటుంది. తన బ్యాండ్‌కు ఒకప్పుడు తానే నాయకుడు. ఇప్పుడు నలుగురు నాయకులు ఒక గదిలో ఉన్నారు. పాట ఎవరిది, చివరి మాట ఎవరిది? ఈ చిక్కును దాటిన బ్యాండ్లే నిలుస్తాయి. విల్బరీలు మారుపేర్లు పెట్టుకున్నారంటే, ఎవరి కీర్తినీ గదిలోకి రానివ్వకూడదనే. కుర్రతనంలో ప్రతి ఒక్కరూ తన వాద్యం వినపడాలని వాల్యూమ్ పెంచుతారు. పెద్దతనం పక్కవాడి వాద్యాన్ని వింటుంది. పాతకాపుల పాటలో మనకు తెలియకుండానే మనసుకు పట్టేది ఆ వినడమే.

మన దగ్గర నేల ఉంది, వేదికే లేదు

సినిమా బయట పాట బతకదన్న మాట తెలుగునాట తరచూ వినిపిస్తుంది. మన చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. ఆకాశవాణి ‘ఈ మాసపు పాట’ కోసం ఇంటిల్లిపాదీ రేడియో ముందు కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివారు రేడియోలో లలిత సంగీతానికి ఇల్లు కట్టిచ్చారు. ప్రజానాట్యమండలి ఊరూరా పాడింది. గద్దర్ గొంతెత్తితే మైదానాలు నిండాయి. తెలంగాణ ధూంధాం పాటను జనం జెండాగా ఎత్తుకున్నారు. ఆ పాటలన్నిటి వెనకా వాటిని మోసిన వేదికలున్నాయి.

ఇప్పటి తరంలోనూ నిదర్శనాలున్నాయి. హైదరాబాద్ బ్యాండ్ ‘చౌరస్తా’ పల్లె బాణీని రెగ్గే, రాక్ లయలతో కలిపి ‘ఊరెళ్లిపోతా మామా’ పాడితే, పొట్టకూటికి నగరానికొచ్చిన ప్రతివాడూ అది తన పాటే అనుకున్నాడు. ఆ పాట గొంతు రామ్ మిరియాల, 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడి ఇంటింటికీ చేరాడు. అటు బెంగళూరులో మొదలైన ‘అగం’ బ్యాండ్ త్యాగరాజ కృతులను రాక్ వాద్యాలతో పాడుతుంటే, తెలుగు రాని కుర్రకారు ఆ తెలుగు సాహిత్యాన్ని గొంతు కలిపి పాడుతోంది. మన భాషకు రాక్ కొత్త కాదు, పరాయిదీ కాదు.

కావాల్సింది చోటు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ లాంటి బహిరంగ వేదికలు ప్రతి పెద్ద ఊరికీ ఉండాలి. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి... ప్రతి చోటా మునిసిపల్ పార్కులు, టౌన్ హాళ్లు ఉన్నాయి. నెలకొక సాయంత్రం, పది గంటలలోపు ముగిసేలా, సొంత పాటలకే కేటాయిస్తే నిబంధనలకూ భంగం ఉండదు. కాలేజీ ఫెస్టుల్లో సినిమా గాయకుడికి ఇచ్చే సమయంలో అరగంట స్థానిక బ్యాండ్‌కు ఇవ్వచ్చు. ఆ అరగంటలో ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల, తన ఊరి మనిషి తన భాషలో, తన బతుకు గురించి గిటార్ పట్టుకుని పాడటం చూస్తుంది. రేపటి బ్యాండ్‌కు అదే విత్తనం.

---

▣ బ్యాండ్ కట్టేముందు రాసుకోవాల్సినవి

● పాట ఎవరిది: మాట ఎవరు రాశారు, బాణీ ఎవరు కట్టారు, ఎవరి వాటా ఎంత... రికార్డింగ్‌కు ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

● రాయల్టీ: 2012 కాపీరైట్ సవరణ చట్టం గేయ రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో సమాన వాటా హక్కు ఇచ్చింది. దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు. రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే పని తేలిక.

● పేరు ఎవరిది: ఒకరు వెళ్లిపోతే బ్యాండ్ పేరు ఎవరికి చెందుతుందో ముందే తేల్చుకోవాలి.

● వేళ: వారంలో ఒక పూట అందరికీ కుదిరేది ఎంచుకుని, దానికి కట్టుబడాలి.

---

అడిగే శ్రోత కావాలి

వాయించేవాళ్లు తమ వంతు పని చేస్తున్నారు. జీతం డబ్బులతో తీగలు కొంటున్నారు, నిద్ర మానుకుని పాట రాస్తున్నారు, పంతాలు పక్కన పెట్టి ఒకరి పక్కన ఒకరు నిలబడుతున్నారు. మిగిలిన సగం పని మనది. ఈసారి మీ ఊళ్లో ఏ కెఫేలోనో, కాలేజీ మైదానంలోనో స్థానిక బ్యాండ్ వాయిస్తోందని తెలిస్తే టికెట్ కొనుక్కుని వెళ్లండి. ఫోన్ జేబులో పెట్టుకుని వినండి. పాట నచ్చితే రాసినవాళ్ల పేరు కనుక్కుని నలుగురికి చెప్పండి. తెలిసిన సినిమా పాట కావాలని చీటీ పంపే బదులు, ‘మీ సొంత పాట ఇంకొకటి పాడండి’ అని అడగండి. తెలుగులో రేపు ఎలాంటి పాటలు పుడతాయన్నది ఇలా అడిగేవాళ్ల సంఖ్యను బట్టే ఉంటుంది.